స్టెంట్ వేశారు సరే, నడక ఎవరు నేర్పుతారు?

గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్నవారి డిశ్చార్జి కాగితాన్ని ఒకసారి తిరగేసి చూడండి. మందులు ఎనిమిదో పదో వరసగా ఉంటాయి. ఏది పొద్దున, ఏది రాత్రి, ఎన్నాళ్ళు అన్నీ రాసి ఉంటాయి. ఉప్పు తగ్గించమని ఒక ముక్క, పదిహేను రోజుల తర్వాత రమ్మని ఇంకో ముక్క. డెబ్బై రెండేళ్ళ పెద్దాయన రేపు పొద్దున లేచి ఎంతసేపు నడవాలి, ఎంత ఆయాసం వస్తే ఆగాలి, బకెట్టు ఎప్పుడు ఎత్తొచ్చు, డాబా మెట్లు ఎక్కొచ్చా అన్న సంగతికి మాత్రం ఆ కాగితంలో చోటుండదు. చోటు లేనిచోట ఇంట్లోవాళ్ళకు తెలిసిన వైద్యం ఒక్కటే: మంచం. "కదలకు నాన్నా, ఏం కావాలన్నా మేం తెస్తాం" అంటారు. ప్రేమగానే అంటారు. ఆ ప్రేమే ఆయన కాళ్ళను నెల తిరక్కుండా తినేస్తుంది.

ఈ ఖాళీని పూడ్చే వైద్యం పేరు కార్డియాక్ రిహాబ్. పత్రికలు గుండె పునరావాసం అని రాస్తుంటాయి. మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో పునరావాసం అంటే వంశధార రిజర్వాయరు కింద ఊళ్ళు పోయినవాళ్ళ కాలనీలే గుర్తొస్తాయి కాబట్టి ఇక్కడ రిహాబ్ అనే రాస్తున్నాం. లెక్క ప్రకారం పెంచుతూ పోయే వ్యాయామం దీని నడుం. మందులు మానకుండా చూడటం, బీపీ, షుగరు, పొగాకు, తిండి, మనసులో దిగబడిన భయం, ఇవన్నీ దాని చుట్టూ ఉంటాయి. మొదటి దశ ఆసుపత్రి మంచం దగ్గరే మొదలవుతుంది. రెండోది ఇంటికొచ్చాక, మామూలుగా 6 నుంచి 12 వారాలు, వారానికి రెండు మూడుసార్లు సెంటరుకు వెళ్ళి ఒకరి కళ్ళెదుట చేసేది. మూడోది ఆ తర్వాత జీవితాంతం ఎవరంతట వారు చేసుకునేది. అమెరికాలో 65 దాటినవారి ప్రభుత్వ బీమా మెడికేర్ 36 సెషన్ల వరకు డబ్బు కడుతుంది.

మంచం సంగతి ముందు తేల్చాలి. ఒకప్పుడు డాక్టర్లు కూడా మంచం పార్టీయే. గుండెపోటు వస్తే నెలా నెలన్నర పక్క దిగనిచ్చేవారు కారు. 1952లో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లోన్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు రోగుల్ని మొదటి వారంలోనే కుర్చీలో కూర్చోబెట్టి, ఏమీ కాదని చూపించారు. ఇంకా గట్టి రుజువు 1966లో డల్లాస్‌లో దొరికింది. ఇరవై ఏళ్ళ వయసున్న ఐదుగురు ఆరోగ్యవంతుల్ని మూడు వారాలు మంచం మీద ఉంచి కొలిస్తే, ఒళ్ళు వాడుకోగల ఆక్సిజన్ పావువంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత అదే ఐదుగుర్ని మళ్ళీ కొలిచారు. ఆ ముప్పై ఏళ్ళ ముసలితనం చేసిన నష్టం కంటే, అప్పటి మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. పడుచువాళ్ళ గతే అదైతే, తొడల్లో కండ ముందే కరిగిపోయిన డెబ్బై అయిదేళ్ళ మనిషి సంగతి చెప్పాలా?

ఇక ఇది పనిచేస్తుందా అన్న ప్రశ్న. పొగడ్తలు పక్కనపెట్టి అంకెలు చూద్దాం. గుండె రక్తనాళాల జబ్బున్నవారిలో వ్యాయామ రిహాబ్ మీద జరిగిన 85 ట్రయల్స్‌ను, 23,430 మందిని కలిపి లెక్కేస్తే, గుండె కారణంగా వచ్చే మరణాలు 26 శాతం, మళ్ళీ ఆసుపత్రిలో చేరడం 23 శాతం, మళ్ళీ గుండెపోటు 18 శాతం తగ్గాయి. అన్ని కారణాల మరణాలు కలిపి చూస్తే మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ రెండో మాట చాలామంది చెప్పకుండా దాటేస్తారు, చెప్పాలి. ఆ ట్రయల్స్‌లో ఎక్కువమంది నడివయసు మగవాళ్ళు. ముసలివాళ్ళకు, అందులోనూ బక్కచిక్కినవారికి ఇది వర్తిస్తుందా అన్న అనుమానం చాలాకాలం ఉండిపోయింది. 2025లో ఇటలీ నుంచి దానికి జవాబొచ్చింది. గుండెపోటు వచ్చి, నడక మందగించిన 65 దాటినవారు 512 మంది. సగటు వయసు 80 దగ్గర. సెంటరులో కొద్దిపాటి సెషన్లు, మిగతాది ఇంట్లో వ్యాయామం, దానితోపాటు తిండి సలహా, బీపీ షుగర్ల అదుపు. ఏడాది తిరిగేసరికి గుండెజబ్బుతో చనిపోవడం లేదా ఉన్నట్టుండి ఆసుపత్రి పాలవడం రిహాబ్ వారిలో 12.6 శాతం, మామూలు వైద్యం వారిలో 20.6 శాతం.

గుండె బలహీనపడి నీరుపట్టి ఆసుపత్రిలో చేరిన 60 దాటినవారి మీద 2021లో అచ్చయిన అమెరికా ట్రయల్ వేరే కథ చెప్పింది. 349 మందిలో బలం, పడిపోకుండా నిలబడే తూకం, నడక బాగా మెరుగుపడ్డాయి. మళ్ళీ ఆసుపత్రిలో చేరడం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మా దృష్టిలో అదీ విజయమే. ఎనభై ఏళ్ళ మనిషికి ఇంకా ఎన్నేళ్ళు అన్నది ఒక లెక్క. రాత్రిపూట ఒకరిని లేపకుండా దొడ్డికి వెళ్ళి రాగలడా అన్నది ఇంకో లెక్క. ఇంట్లోవాళ్ళకు ఆ రెండో లెక్కే బాగా తెలుసు.

మన దేశంలో 24 ఆసుపత్రుల్లో 3,959 మంది గుండెపోటు రోగుల మీద యోగా-కేర్ ట్రయల్ జరిగింది. 12 వారాల్లో 13 తరగతులు, ఖర్చు తక్కువ. మరణాలు, మళ్ళీ గుండెపోట్లు తగ్గాయని గట్టిగా రుజువు కాలేదు కానీ, మనుషులు తమ ఆరోగ్యం మెరుగైందని చెప్పారు, మామూలు పనుల్లోకి త్వరగా తిరిగొచ్చారు. యంత్రాలు లేనిచోట ఇది చిన్న మాట కాదు.

ఇంత పనిచేసేదాన్ని జనం ఎందుకు వాడుకోరు? ఇది మన ఊళ్ళ రోగమే కాదు. బీమా డబ్బు కట్టే అమెరికాలోనే, 1997లో గుండెపోటుతో చేరిన మెడికేర్ రోగుల్లో రిహాబ్‌కు వెళ్ళింది 13.9 శాతం. బైపాస్ అయినవారిలో 31 శాతం. వయసు పెరిగేకొద్దీ, ఆడవాళ్ళలో, సెంటరుకు దూరంగా ఉన్నవాళ్ళలో అది ఇంకా తక్కువ. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళే వెళ్ళరు. అసలు ప్రపంచంలో 203 దేశాలు చూస్తే రిహాబ్ ఉన్నది 111 దేశాల్లోనే.

ఇక్కడి లెక్క ఇలా ఉంటుంది. స్టెంటో బైపాసో విశాఖలో అవుతుంది. శ్రీకాకుళం నుంచి అది వంద కిలోమీటర్ల పైచిలుకు, ఇచ్ఛాపురం నుంచి రెండు వందలకు పైనే. రైలెక్కాలంటే శ్రీకాకుళం రోడ్ అని పేరున్న స్టేషన్ కూడా ఊళ్ళో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది. ఆపరేషన్ బిల్లు ప్రభుత్వ పథకం కడుతుంది. వారానికి మూడుసార్లు ఆటో, బస్సు, తోడొచ్చే మనిషి కూలి ఎవరు కడతారు? పిల్లలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో గల్ఫ్‌లోనో ఉంటారు. తోడుకు కోడలో పక్కింటి కుర్రాడో దిక్కు. దానికితోడు ఊళ్ళో మాట: "ఇస్టంటు ఏసీసినారు కదా, ఇంకేటి?" ఇంకోటి: "ముసిలోణ్ని నడిపించి సంపేత్తారేటి?" మొదటి మాట తప్పు ఎందుకంటే, స్టెంట్ ఒక్క చోట మూసుకున్న గొట్టాన్ని తెరుస్తుంది. మిగతా గొట్టాల్లో పేరుకునేది దాని పని కాదు. రెండోది తప్పు ఎందుకంటే, కొలిచి పెంచే నడకలో ప్రమాదం చాలా తక్కువ. అలవాటు లేకుండా ఒక్కసారిగా చేసే బరువుపనే ప్రమాదం. పది రోజులు మంచంలో ఉండి పదకొండో రోజు ధాన్యం బస్తా పట్టుకోవడం అన్నమాట.

అన్నిటికంటే పెద్ద కారణం మామూలుది. డాక్టరు చెప్పకపోవడం. కెనడాలో ఒంటారియో ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం ఒకటుంది. డాక్టరు గుర్తుపెట్టుకుని రాస్తేనే అన్న పద్ధతిలో రిహాబ్‌లో చేరింది దాదాపు మూడోవంతు మంది. కంప్యూటరే ప్రతి రోగికీ రెఫరల్ రాసి, డిశ్చార్జికి ముందు ఒక మనిషి మంచం దగ్గర కూర్చుని వివరించిన చోట దాదాపు 70 శాతం. మందు అదే, రోగులూ అలాంటివాళ్ళే. మారింది చెప్పిన తీరు. కాబట్టి డిశ్చార్జి రోజున అడగాల్సిన మొదటి ప్రశ్న, "ఏం తినాలి?" కాదు. "ఫిజియోథెరపిస్టును ఒకసారి చూపించండి, ఎంత నడవాలో కాగితం మీద రాసివ్వండి" అని. అడిగితే ఇస్తారు. అడగకపోతే గుర్తురాదు.

సెంటరు అందనంత దూరంలో ఉంటే ఇంట్లో చేసే రిహాబ్ ఉంది. తక్కువ నుంచి మధ్యస్థ ప్రమాదం ఉన్నవారిలో ఇంటి రిహాబ్, సెంటరు రిహాబ్ రెండింటి ఫలితం దాదాపు సమానమేనని ట్రయల్స్ చూపించాయి. మన జిల్లాలకు దారి అదే. అలాగని ఎవరికి వారు మొదలుపెట్టేది కాదు. కదలకుండా ఉన్నా ఛాతీ నొప్పి వస్తున్నవారు, పడుకుంటే ఆయాసం వచ్చేవారు, గుండెలోంచి రక్తం బయటికి పోయే బృహద్ధమని కవాటం బాగా ఇరుకై కళ్ళు తిరుగుతున్నవారు, గుండె లయ అదుపులో లేనివారు, జ్వరం ఉన్నవారు ఆగాలి. కూర్చున్నప్పుడే బీపీ 180/110 దాటితే ఆ రోజు వద్దు. పంపింగ్ బాగా తగ్గిందని ఎకోలో వచ్చినవారు మొదటి కొన్నిసార్లయినా పర్యవేక్షణలో చేయాలి.

మొదలుపెట్టే ముందు మూడు కొలతలు తీసి రాసుకోవాలి. ఒకటి, ఆరు నిమిషాల నడక. ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద టేపు పెట్టి 30 మీటర్లు కొలిచి, రెండు చివరలా ఇటుక పెట్టండి. ఆరు నిమిషాల్లో ఎన్నిసార్లు తిరిగాడో లెక్కించండి. మధ్యలో ఆగొచ్చు, గడియారం ఆగదు. పక్కన నడుస్తూ తొందరపెట్టకూడదు, తోడు నడిచేవారి వేగం రోగికి అంటుకుంటుంది. 300 మీటర్ల లోపు అయితే గుండె, ఒళ్ళు బాగా బలహీనమని అర్థం. నెల తర్వాత 30 మీటర్లు పెరిగినా అది నిజమైన మెరుగుదలే. రెండోది, చేతులు ఛాతీ మీద కట్టుకుని గోడకానించిన కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలడు. బైపాస్ అయినవారికి ఇది మరీ ముఖ్యం, ఎందుకో కింద చెబుతాం. మూడోది, పడుకుని ఒక బీపీ, లేచి నిలబడ్డాక ఒకటి రెండు నిమిషాలకు ఇంకో బీపీ. పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతుంటే మందుల మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాలి. లేకపోతే వ్యాయామం చేయబోయి పడిపోవడమే మిగులుతుంది. తుంటి విరిగితే గుండె సంగతి వెనక్కి పోతుంది.

నడక ఇలా. మొదటి వారం చదునైన నేల మీద 5 నిమిషాలు, రోజుకు మూడుసార్లు. రోజూ లేదా రోజు విడిచి రోజు ఒక్కో నిమిషం కలపండి. 10 నిమిషాలు హాయిగా అయ్యాక రోజుకు రెండుసార్లు చాలు. ఆరో వారానికి ఒకే విడతలో 25, 30 నిమిషాలకు చేరాలి, వారానికి కనీసం ఐదు రోజులు. ముందు నిమిషాలు పెంచాలి, వేగం తర్వాత. ముసలివాళ్ళు తలకిందులు చేసేది ఇక్కడే. రెండో రోజే పాత వేగం పట్టుకుంటారు, నాలుగో రోజుకు అలసి మానేస్తారు.

ఎంత గట్టిగా నడవాలో చెప్పడానికి నాడి కొలత ఉంది. ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోనివారికి గుండెపోటు తర్వాత తొలి వారాల్లో కూర్చున్నప్పటి నాడి కంటే 20, ఆపరేషన్ తర్వాతయితే 30 దాటకూడదంటారు. కానీ మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మింగేవారి నాడి ఎంత నడిచినా పెద్దగా పెరగదు. గుండె లయ తప్పేవారి నాడి ఎగుడుదిగుడుగా ఉంటుంది. అప్పుడు అంకెను నమ్మి మోసపోతారు. మాట పరీక్ష నయం. నడుస్తూ పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. రామకీర్తన ఎత్తుకుని చరణం దాకా పాడగలుగుతుంటే నడక చాలలేదు. తన పేరు, ఊరు చెప్పడానికే మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంటే ఎక్కువైంది.

నడకకు ముందు పది నిమిషాలు, వెనక పది నిమిషాలు నెమ్మది కదలికలు ఉండాలి. వెనకది అందరూ ఎగ్గొడతారు. నడిచొచ్చి నేరుగా అరుగు మీద కూలబడతారు. నడుస్తున్నంతసేపు పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తుంటాయి. టక్కున ఆగితే ఆ రక్తం కాళ్ళలోనే నిలిచిపోతుంది, బీపీ జారుతుంది, కళ్ళు చీకట్లు కమ్ముతాయి, బలహీనమైన గుండెలో లయ కూడా తప్పొచ్చు. చివరి ఐదు నిమిషాలు పెళ్ళినడక నడిచి, తర్వాత నిలబడే మడమలు ఎత్తుతూ దించుతూ ఊపిరి కుదురుకున్నాక కూర్చోవాలి.

విజయనగరంలో అయ్యకోనేరు గట్టు లాంటి చదును చోటు దొరికితే అదృష్టం. సముద్రం దగ్గరివాళ్ళు బారువ, కళింగపట్నం ఇసుకలో నడుస్తామంటారు. మెత్తటి ఇసుకలో అదే వేగానికి గట్టినేల కంటే చాలా ఎక్కువ శ్రమ పడుతుంది, మొదటి రెండు నెలలు వద్దు. ఎండాకాలం పొద్దున ఏడు లోపే. తీరంలో ఉక్కపోతకు చెమట ఆరదు, ఒంటిని చల్లబరచడానికి గుండె అదనంగా పనిచేయాలి. తిన్న వెంటనే నడవకూడదు, గంటన్నర గడవాలి. నీటి మాత్ర వేసుకునేవారు, ఆ మాత్ర జోరు తగ్గాక బయలుదేరాలి. దారిలో ఇబ్బంది పడతామన్న భయంతోనే నడక మానేసినవారున్నారు. షుగరు మందులు, ఇన్సులిన్ వాడేవారు నడకకు ముందు షుగరు 100 కంటే తక్కువుంటే రెండు బిస్కెట్లో ఒక అరటిపండో తినాలి. చెప్పుల్లేకుండా నడవడం కుదరదు. సాయంత్రం అరికాళ్ళు ఒకరు చూడాలి.

బైపాస్ వారి సంగతి వేరు. ఛాతీ మధ్య ఎముకను కోసి తీగలతో కట్టి ఉంటారు. అది అతకడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. అప్పటిదాకా రెండు మూడు కిలోలకు మించి ఎత్తకూడదు. 15 లీటర్ల బకెట్టు నిండితే 15 కిలోలు, గుర్తుంచుకోండి. చేతిపంపు కొట్టడం, నూతిలో చేద తోడటం, మనవణ్ణి చంకనెత్తుకోవడం, బండి నడపడం అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. దగ్గు వస్తే చిన్న దిండు ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గాలి. ఆటోలో గోతుల రోడ్డు మీదా అంతే.

ఎముక కదిలించుకునే సందర్భాల్లో ఒకటి మంచం మీంచి లేవడం. నులకమంచం మధ్యలో గుంట పడి ఉంటుంది. మనిషి అందులోంచి రావాలంటే రెండు చేతులతో పట్టె పట్టుకుని ఒంటిని లాగాలి. ఆ లాగుడే రొమ్మెముకను చీల్చే బలం. ఇంట్లోవాళ్ళు సాయమనుకుని రెండు చేతులూ పట్టి లేపుతారు, అది ఇంకా తప్పు. మూడు నెలలు గట్టి చెక్కమంచం వేయండి, మోకాలి ఎత్తున. లేవడం ఇలా: మోకాళ్ళు ముడవాలి, దిండు ఛాతీకి హత్తుకోవాలి, దుంగలాగా ఒళ్ళంతా ఒక పక్కకు దొర్లాలి, కాళ్ళు మంచం అంచు దాటించి కిందికి వదలాలి. ఆ కాళ్ళ బరువుకే పై ఒళ్ళు లేస్తుంది. సాయం చేసేవారు వీపు వెనక చెయ్యి వేసి ఆనిస్తే చాలు. అంచున నిమిషం కూర్చుని, కళ్ళు తిరగడం లేదనుకున్నాక తొడల బలంతో నిలబడాలి. కుర్చీ పరీక్ష ఎందుకు ముఖ్యమన్నామో ఇప్పుడు అర్థమై ఉంటుంది. తొడల్లో బలం లేనివాడు చేతుల మీదే ఆధారపడతాడు. గొంతుక్కూర్చునే దొడ్డికి బదులు కమోడ్ కుర్చీ పెట్టడం కూడా ఇందుకే. కూర్చున్నప్పుడో దగ్గినప్పుడో ఎముకలో టక్ మన్న శబ్దం, కుట్టు దగ్గర తడి, ఎరుపు, జ్వరం ఉంటే ఆ రోజే సర్జనుకు చూపించాలి.

నడక ఒక్కటే ముసలివారికి చాలదు. వారంలో రెండు మూడు రోజులు బలం పెంచే కసరత్తు, రోజూ పడిపోకుండా తూకం నిలిపే కసరత్తు ఉండాలి. కుర్చీలోంచి లేవడం 8 నుంచి 10 సార్లు, రెండు విడతలు. కిటికీ ఊచ పట్టుకుని మడమలు ఎత్తడం. స్టెంట్ వేసినవారు రెండు మూడు వారాలయ్యాక, డాక్టరు సరేనన్నాక, అర లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని మోచేతులు ముడిచి చాపడం, 10 నుంచి 15 సార్లు. బైపాస్ వారు ఎముక అతికేదాకా సీసాలు పట్టుకోవద్దు. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. బిగబడితే బీపీ ఎగిసిపడుతుంది. ప్రాణాయామంలో కుంభకం వద్దనేదీ అందుకే. తూకానికి, వంటింటి గట్టు పట్టుకుని ఒక పాదం ముందు ఒకటి పెట్టి పది సెకన్లు నిలబడాలి, తర్వాత ఒంటికాలి మీద.

గుండె వల్ల కాక మోకాళ్ళ నొప్పి వల్ల నడక ఆపేసేవారూ చాలామంది. ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికెళ్ళి డైక్లోఫెనాక్ సూదో మాత్రో వేయించుకుంటారు. ఆ జాతి నొప్పి మందులు ఒంట్లో ఉప్పు, నీరు నిలబెడతాయి, గుండెపోటు ముప్పు పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పారాసెటమాల్, వేడి కాపడం, తొడల వ్యాయామం దారి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు, అంటే సోంపేట, కవిటి, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, ఈ హెచ్చరికకు పదింతల బరువుంది. అక్కడ కిడ్నీ జబ్బు ఉందో లేదో తెలియకుండానే గుండె మందులు మొదలవుతాయి. రామిప్రిల్, స్పిరోనోలాక్టోన్ వాడేవారికి క్రియాటినిన్, పొటాషియం పరీక్ష తప్పనిసరి. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ కాబట్టి, అది పెరిగే ముప్పున్నవారికి రోజూ తాగడం మంచిది కాదు. కొబ్బరితోటల మధ్య ఈ మాట చెప్పడం కష్టమే. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేవాటిలో సోడియం బదులు ఉండేది పొటాషియమే. అవీ వద్దు.

తిండి గురించి క్లుప్తంగానే. రోజుకు అన్నిట్లో కలిపి ఉప్పు మనిషికి ఒక చిన్న చెంచా, 5 గ్రాములు. కూరలో తగ్గించి పక్కన ఎండు మెత్తళ్ళు, ఉప్పుచేప, ఆవకాయ, ఊరమిరపకాయ పెట్టుకుంటే లెక్క తప్పినట్టే. చోడి (రాగి) అంబలి మంచిదే, అందులో కలిపే ఉప్పే ఆపాలి. పలాస జీడిపప్పు గుప్పెడు తినొచ్చు, వేయించి ఉప్పు చల్లింది కాదు. బక్కచిక్కిన ముసలివారికి నూనె భయంతో అన్నీ మాన్పించేసి చారన్నం మీద ఉంచడం ఇంకో పొరపాటు. కండ కట్టాలంటే పప్పు, గుడ్డు, చేప, పెరుగు ఉండాలి. వ్యాయామం చేయిస్తూ మాంసకృత్తులు పెట్టకపోతే ఒళ్ళు తన కండనే తింటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం పప్పు, మాంసకృత్తుల మోతాదు డాక్టరును అడిగే తేల్చుకోవాలి.

ఆడవాళ్ళ గురించి విడిగా చెప్పకపోతే వాళ్ళు లెక్కలోకి రారు. "ఇంటిపనంతా చేస్తంది, మళ్ళీ ఎక్సర్‌సైజేటి?" అంటారు. తుడవడం, గిన్నెలు కడగడం తునకలు తునకలుగా జరిగే పని. గుండె వేగం పది నిమిషాలైనా నిలకడగా పెరగదు. మామ్మను నడకకు పంపాలంటే ఆ అరగంట వంటింటి పని ఎవరు చేస్తారో ముందు తేలాలి. రెండోది పొగాకు. పెద్దాయన్ని చుట్ట గురించి ప్రతి డాక్టరూ అడుగుతాడు. మత్స్యకార పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారన్నది, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, అందరికీ తెలిసిందే అయినా వాళ్ళను ఎవరూ అడగరు. కేసుషీటులో పొగాకు దగ్గర అడ్డగీత కొట్టి పంపేస్తారు. ఇంటివాళ్ళే చెప్పాలి.

గుండెపోటు తర్వాత దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి వైద్యం అవసరమయ్యేంత దిగులు పట్టుకుంటుంది. ముసలివారిలో అది ఏడుపుగా కనిపించదు. తిండి సహించకపోవడం, తెల్లవారుజామున మెలకువ, నడకకు రోజుకో సాకు. బద్ధకం అని తిట్టకుండా డాక్టరుకు చెప్పాలి. ఇంకో అడగని ప్రశ్న భార్యాభర్తల కలయిక. ఆపకుండా రెండంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే అభ్యంతరం ఉండదు. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర వాడేవారు సిల్డెనాఫిల్ (వయాగ్రా) జాతి మాత్రలు ముట్టకూడదు. రెండూ కలిస్తే బీపీ ప్రాణం తీసేంత పడిపోతుంది.

జేబులో సార్బిట్రేట్ మాత్రలు రేకుతో సహా ఉండాలి. నొప్పి వస్తే నడక ఆపి ముందు కూర్చోవాలి, తర్వాత మాత్ర నాలుక కింద పెట్టుకోవాలి. నిలబడి పెట్టుకున్నవాళ్ళు బీపీ పడిపోయి తల పగలగొట్టుకుంటారు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108. బైక్ వెనక కూర్చోబెట్టి తీసుకెళ్ళొద్దు. షుగరున్నవారికి నొప్పే రాకపోవచ్చు. ఎప్పుడూ నడిచే దూరానికే ఉన్నట్టుండి ఆయాసం, చల్లటి చెమట వస్తే దాన్నే నొప్పిగా లెక్కపెట్టాలి. రక్తం పలచబడే రెండు మాత్రలూ పన్ను పీకేవాడు చెప్పాడనో, డబ్బుల్లేవనో ఆపకూడదు. స్టెంట్ ఉన్నట్టుండి మూసుకుపోయే ముప్పు పెరిగేది అలాంటప్పుడే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోడ్లు, కరెంటు రోజుల తరబడి లేవు. అక్టోబరు, నవంబరుల్లో ఇంట్లో కనీసం పదిహేను రోజుల మందులు అదనంగా ఉంచుకోవాలి.

ఇవన్నీ నిలబడేది ఒక నోటుబుక్కు మీద. అరవై పేజీలది చాలు. రోజుకో వరస: తేదీ, పొద్దున దొడ్డికెళ్ళొచ్చాక ఏమీ తినకముందు బరువు, బీపీ, ఎన్ని నిమిషాలు నడిచారు, మాట పరీక్ష కుదిరిందా లేదా. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. పాదాలు ఉబ్బేదాకా ఆగకుండా డాక్టరుకు ఫోను చేయాలి. చదువు రానివారికి కోడలో మనవరాలో రాస్తుంది. దూరంలో ఉన్న కొడుకు ఆదివారం వీడియో కాల్‌లో "బాగున్నావా" అని కాకుండా "ఈ వారం ఎన్ని నిమిషాలు?" అని అడిగితే ఆ కాల్‌కు పని ఉంటుంది. ఊరి హెల్త్ క్లినిక్‌లో ఉండే సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) బీపీ చూస్తారు, షుగరు చూస్తారు. ఆ పుస్తకం చూపిస్తే మాట్లాడటానికి ఏదైనా ఉంటుంది. జాగ్రత్తపడాల్సింది మూడో వారంలో. నొప్పి తగ్గింది, భయం తగ్గింది, ఇంకెందుకు అనిపించే వారం అది. ఆ వారంలో నడకకు తోడొక మనిషి ఉన్నాడా లేదా అన్నదాన్ని బట్టే నాలుగో వారం ఉంటుంది.

ఆషాఢం వచ్చేసరికి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: సింహాచలం గిరిప్రదక్షిణకు వెళ్ళొచ్చా అని. అది 32 కిలోమీటర్లు, చాలామంది రాత్రంతా నడుస్తారు, నిద్ర ఉండదు, ఉక్క, జనం, మాత్రల వేళ తప్పుతుంది. నోటుబుక్కులో అరగంటే ఉన్నవారికి జవాబు వద్దు. ఏడాది పూర్తయి, రోజూ గంట నడక నెలల తరబడి నిలకడగా ఉండి, నొప్పీ ఆయాసమూ లేనివారైతే డాక్టరుకు ఆ పుస్తకం చూపించి అడగండి. మిగిలినవారు బస్సులో కొండెక్కి దర్శనం చేసుకోవచ్చు.